కన్ను ముందుబోతాది

ఆదోనిలో పొద్దున ఆరున్నరకు
పత్తి మార్కెట్టు గేటు కాడ
ఉరుకుందమ్మ బండి ముందర నిలబడి
ప్లేటులో ఉగ్గాని చల్లారనిచ్చి
ఆమె కండ్లు చూస్తుంటా.

అపార్థం చేసుకోవద్దప్పా.
అరవై దాటిన మనిషి,
ఎడమ కంటికి ఆపరేషనై రెండేండ్లు.

కుడిచెయ్యి ఇంకా నానిన బొరుగులు పిండుతానే ఉంటాది,
నీళ్లు వేళ్ల సందుల్లో కారుతానే ఉంటాయి,
కన్ను అప్పుడే పోయి
పసుపు డబ్బా మూత మీద వాలింటాది.
చెయ్యి పసుపు కాడికి వచ్చేసరికి
కన్ను ఆడ ఉండదు.
పుట్నాల పొడి గిన్నెలో
చెంచా ఏ పక్కకు పడుందో చూసి పెట్టింటాది.

పెండ్లికి ముందురోజే పోయి
విడిదింట్లో చాపలు పరిచే మేనమామ మాదిరి
కన్ను ముందుబోతాది.
చెయ్యి వెనక వస్తాది, తీరిగ్గా,
అంతా తనే చేసినట్ల.

ఆమె తన చేతిని చూసుకోంగ నేనెప్పుడూ చూడలే.
మరిగే బాణలి అంచున
అయిదు వేళ్లు తిరుగుతుంటాయి, వాటి పాటికవి.
నమ్మినాక ఎవరు చూస్తారు?
అంచు దాకా నిండిన టీ గ్లాసును చూస్తాం,
పనికి కొత్తగా వచ్చిన పిల్లోన్ని చూస్తాం,
చిల్లర లెక్కబెట్టే అవతలోని వేళ్లను చూస్తాం.
ఉల్లిగడ్డ కోసేటప్పుడు గూడా ఆమె చూసేది
కత్తి ఇంకా పడని చోటునే.

ఒకరోజు అడిగితే నవ్వింది.
"యాడ చూస్తానో నాకేం తెలుసు సామీ,
చూసేదాన్ని చూసుకుంటా కూచుంటే
బజ్జీలెవరు తీస్తారు?"

నాకు తెలుసు.
నాది జిన్నింగు మిల్లు పని. అంటే, అప్పట్లో.
పదకొండేండ్లు రోలర్ల ముందర పత్తి తోసినా.
మూడేండ్ల కిందట, శివరాత్రి పోయినాక, రెండో షిఫ్టులో
రేకుల సందులోంచి ఒక పిచ్చుక లోపలికొచ్చింది.
మిల్లంతా దూది పొగ.
యాడ వాలాలో తెలీక
బెల్టుకూ దూలానికీ నడుమ కొట్టుకుంటాంది.
నా కన్ను దాని వెంబడి పోయింది.
ఎంతసేపు?
పిచ్చుక అని నోటితో అనేంత సేపు.

చెయ్యి ఆగలే.
కన్ను ఆఖరున రాసిన జాబు పట్టుకొని
అందులో చెప్పిన చోటికే పోయింది.
ఆ జాబు అప్పటికే పాతది.

రెండు వేళ్లు, నడిమి కణుపు దాకా.

సూపర్‌వైజరు కాయితంలో ఒకే మాట రాసినాడు, అజాగ్రత్త అని.
జాగ్రత్త ఉండింది సార్,
పిచ్చుక మీద ఉండింది.
ఈ మాట దొరికేకి నాకు మూడేండ్లు పట్టింది.
ఆ సారేమో కర్నూలుకు మారిపోయినాడు.

అప్పట్నుంచి నా కన్ను చేతిని వదలదు.
బడిలో కొత్తగా వేసిన పిల్లోని వెంట
గేటు దాకా, తరగతి దాకా, బెంచీ దాకా పోయే తల్లి మాదిరి
గుండీ పెట్టుకున్నా, తాళం తీసినా, చెంబు ఎత్తినా
వేళ్ల వెంటనే నడుస్తాది.
ముందుబోయి చాప పరిచేవాడు లేడు.
చొక్కా తొడుక్కునేకి అర్ధగంట.
మా ఆడమనిషి వాకిట్లో నిలబడి ఏమీ అనదు,
అదొకటి.

నిన్న ప్లేటు అందుకుంటాంటే పట్టు జారింది.
పడలేదు గానీ
మూడేండ్లలో మొదటిసారి
ఉరుకుందమ్మ కన్ను తన దోవ తప్పి
నా చెయ్యి మీదికొచ్చి నిలబడిపోయింది.
కణుపుల కాడ. చానా సేపు.

బాణలిలో మిరపకాయ బజ్జీ ఒకటి
నల్లగయింది.

"అయ్యో నా బుద్ధి" అని
దాన్ని తీసి కుక్కకని పక్కన పెట్టబోయింది.
అదే ఇయ్యమ్మా అన్నా.
"మాడింది సామీ."
తెలుసు, ఇయ్యి.

నేను నోట్లో పెట్టుకునే లోపల
ఆమె కన్ను బొరుగుల సంచి కాడికి పోయింది,
ఆన్నుంచి నీళ్ల బకెట్టుకు,
ఆన్నుంచి నాకు కనపడని ఇంకో పనికి.
చెయ్యి దాని వెనకాలే.

కారం మాత్రం బాగుండింది.